కాగితానికెక్కని నవ్వు

1996 ఆగస్టు 9, శుక్రవారం
పెద్ద క్యాంపు ఆఫీసు, లువాంగ్వా నది ఒడ్డు

నాన్నా,

ఇవాళ్టి మొదటి వింత: పొద్దున ఆఫీసు తలుపు తీసేసరికి బయటికి దారి లేదు. గుమ్మానికి అడ్డంగా ఏనుగు కాలు ఉంది. ముసాంగు చెట్ల కాయలు రాలే రోజులు కదా, మా కప్పు మీద పడ్డవన్నీ తొండంతో ఒక్కొక్కటే ఏరుకుని తింటూ గంటసేపు అక్కడే నిలబడింది. నేను లోపల బల్ల మీద కూర్చుని దాని చర్మం రంగుకి సరైన మాట వెతికాను. "బూడిద" అని రాసి కొట్టేశాను. "ఎండిన బురద" అని రాసి అదీ కొట్టేశాను. మాట దొరికేలోగా ఏనుగు వెళ్ళిపోయింది.

సెలవుల్లో ఈ పని ఇప్పించినందుకు మీకు ఎన్నిసార్లు దండం పెట్టినా చాలదు. నాకు టైపు మిషను ఇచ్చారు. అడవి చూడటానికి వచ్చే అతిథులు పోగొట్టుకున్న వస్తువుల జాబితా, వాళ్ళ ఫిర్యాదులు, తుపాకీతో కాపలా వెళ్ళే స్కౌట్లు చెప్పే విషయాలు అన్నీ ఇంగ్లీషులో కొట్టడం నా పని. మొన్న ఒకావిడ టోపీ పడవలోంచి ఎగిరిపోయింది. "సూర్యుడు నదిలో కాళ్ళు కడుక్కునే వేళ టోపీ ఎగిరింది" అని కొట్టాను. మేనేజరు పెల్ గారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "తియోంగే, నోట్లోంచి వచ్చిన మాట మాత్రమే కొట్టు. నీ అలంకారాలు నీ దగ్గరే ఉంచుకో" అన్నారు. అప్పట్నించీ ఒక్క విశేషణం కూడా వాడకుండా రాస్తున్నాను. ఉపవాసం ఉన్నట్టుంది.

మంగళవారం మీతో నడిచే స్కౌటు చిలేషే మావయ్య మీ క్యాంపుకి పిండి బస్తాలు తీసుకెళ్ళడానికి వచ్చాడు. నన్ను మిషను ముందు చూసి వాకిట్లోనే ఆగిపోయాడు. "ఓహో, ఎలకలు తినేవాళ్ళ పిల్లకి కాగితాలు అప్పగించారా? రేపటికి ఒక్కటీ మిగలదు, అన్నీ కొరికేస్తుంది" అన్నాడు. వంటవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. పెల్ గారు మాత్రం తర్వాత నన్ను పక్కకి పిలిచి, "ఆ మనిషి నిన్ను ఎప్పుడూ ఇలాగే వేధిస్తాడా?" అని అడిగారు. లేదు సార్, ఆయన బెంబా, మేము ఎన్గోనీ, మా రెండు తెగలూ బావామరుదుల వరస అని చెప్పాను. తల ఊపారు. ఆయన ఈ దేశం వచ్చి మూడు నెలలే అయింది.

నేను మాత్రం మావయ్యకి ఏమీ బదులు చెప్పలేదు. పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదని అమ్మ అంటుంది కదా.

ఒక మాట అడగనా? ఆ రోజు పడవరేవులో మీరు వెళ్ళేటప్పుడు మూడుసార్లు పిలిచాను. తిరిగి చూడలేదు. నామీద కోపమా?

మీ కూతురు,
తియోంగే


ఆగస్టు 12
ఎగువ క్యాంపు

తల్లీ తియోంగే,

నీ ఉత్తరం సరుకుల జీపులో ఉల్లిపాయల బస్తా కింద నలిగి వచ్చింది. ఏనుగు గురించి రాసిన చోటు చదువుతుంటే ఉల్లి వాసన కొట్టింది.

కోపం ఎందుకుంటుంది? పడవ ఇంజను చప్పుడు. అంతే.

మావయ్య విషయంలో నువ్వు తప్పు చేశావు. బావామరుదుల తెగల మధ్య వయసు లెక్కలోకి రాదు. వాడు అన్నప్పుడు నువ్వు అనాలి. నోరు మూసుకుంటే, నీ మాట నాకు అక్కర్లేదని మొహం మీద చెప్పినట్టు. మా అమ్మ పోయినప్పుడు, నీకు అప్పటికి సరిగ్గా ఊహ తెలియదు, అందరం ఏడుస్తుంటే చిలేషే వచ్చి తవ్విన గోతిలో దిగి పడుకున్నాడు. "ముసలిదానికి ఇంత చోటెందుకు, నాకు కావాలి" అన్నాడు. పొగాకు ఇచ్చేదాకా లేవలేదు. ఏడుస్తున్నవాళ్ళం నవ్వాం. నవ్వాకే మట్టి వెయ్యగలిగాం. బావ చేయాల్సిన పని అది. ఎంత మాటన్నా పడాలి. పడలేక కోపం తెచ్చుకున్నవాడు తప్పు కింద కోడిని తెచ్చి ఇచ్చుకోవాలి. మన ఇంట్లోంచి ఇంతవరకూ ఒక్క కోడీ వెళ్ళలేదు.

వాడూ నేనూ కలిసి నడవడం మొదలుపెట్టి పన్నెండేళ్ళు. తుపాకీతో వాడు ముందు, వాడి వెనక నేను, నా వెనక అతిథులు, ఆఖర్న టీ కెటిల్ మోసే మనిషి. వాడి మొహం చూడక్కర్లేకుండా వీపు మాత్రమే చూస్తాను కాబట్టే ఇన్నేళ్ళు బతికానని వాడితో చెప్పు.

రేపు కొత్త అతిథులు వస్తున్నారు. బెల్జియం నుంచి డెస్మెట్ అని బడిపంతులు, ఆయన భార్య. నలభై ఏళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి రిటైరయ్యాడట. ఈ అడవి చూడాలని ఎన్నేళ్ళనుంచో కూడబెట్టుకున్నారట. అలాంటివాళ్ళంటే నాకు ఇష్టం. గడ్డిపరకని కూడా పేరు అడిగి రాసుకుంటారు, నీలాగే.

మీ నాన్న,
జకేయో షావా


ఆగస్టు 17, శనివారం
పెద్ద క్యాంపు

నాన్నా,

మీ వీపు ఎలా ఉంది? డెస్మెట్ గారిని మూడు గంటలు మోశారట కదా. మావయ్య చెప్పాడు.

గురువారం మధ్యాహ్నం జీపు ఇక్కడికి వచ్చేసరికి డెస్మెట్ గారి కాలు రెండు కర్రల మధ్య కట్టి ఉంది. మీ చొక్కా చింపి కట్టారని గుర్తుపట్టాను. మొహం పాలిపోయి ఉంది. ఆవిడ ఆయన చేయి వదలడం లేదు. సాయంత్రానికి విమానంలో లుసాకా ఆసుపత్రికి పంపించారు. ఆయన ఏదో చెప్పబోయాడు కానీ నొప్పికి మందిచ్చారు, నాలుక తిరగలేదు.

తర్వాత పెల్ గారు మావయ్యని ఆఫీసులో కూర్చోబెట్టి, ఏం జరిగిందో చెప్పమన్నారు. మావయ్య మన భాషలో చెప్తుంటే నేను ఇంగ్లీషులోకి మార్చి కొట్టాను. నాన్నా, నా జీవితంలో మొదటి వాంగ్మూలం! ఆవిడ పిట్టని ఫొటో తీయడానికి ఆగడం, పొడుగు గడ్డిలోంచి ముసలి అడవిదున్న లేవడం, మీరు "కదలొద్దు" అనడం, అందరూ నిలబడితే ఆయన ఒక్కడూ పరిగెత్తి ఎండువాగులో పడటం, అన్నీ కొట్టాను. ఒక్క మాట వదల్లేదు, ఒక్క మాట కలపలేదు. మధ్యలో మావయ్య ఒకటన్నాడు, నవ్వాపుకోలేక అక్షరాలు తప్పు పడ్డాయి. మళ్ళీ సరిగ్గా కొట్టాను. మీరు వచ్చాక చెప్తాను, రాస్తే రుచి పోతుంది.

మావయ్యకి ఇంగ్లీషు రాకపోయినా సంతకం ఎంత బాగా పెడతాడో. ఆఖర్న కోతితోకలా ఒక సున్న చుడతాడు. (వాళ్ళని కోతులు తినేవాళ్ళని కదా మనం అంటాం. ఇది మొహం మీదే అనాలని ఉంది. ధైర్యం చాలడం లేదు.)

పెల్ గారు చదివి, "ఇప్పుడు పనికొచ్చేలా రాశావు" అన్నారు. ఆ రాత్రి అన్నం సయించలేదు, సంతోషంతో.

మీ కూతురు,
తియోంగే


ఆగస్టు 21
ఎస్నాల అత్త ఇల్లు

తియోంగే,

ఎగువ క్యాంపు నుంచి నన్ను దింపేశారు. గైడు లైసెన్సు కాగితం తీసుకున్నారు. ఇప్పుడు నది ఇవతల మీ అత్త ఇంట్లో ఉన్నాను. సెప్టెంబరు 2, సోమవారం పది గంటలకి గైడ్ల కమిటీ కూర్చుంటుంది. లైసెన్సు తిరిగి ఇవ్వడమో, ఉంచేసుకోవడమో అప్పుడు తేలుస్తారు. ఉంచేసుకుంటే ఇక అడవిలో నడిచే పని లేదు. నాకు వేరే పని రాదు.

మీ మేనేజరు ఇంగ్లీషులో పంపిన ఉత్తరాన్ని ఇక్కడి బడిపంతులు చేత చదివించుకున్నాను. దానిలో ఇలా ఉంది: "మీ సొంత స్కౌటు చిలేషే ఇచ్చిన వాంగ్మూలం ప్రకారం, ఆ సమయంలో మీరు నిద్రపోతున్నారు. పిట్టలు లేచాయి, దున్న లేచింది, చివరికి మీరు లేచారు." కింద వాడి సంతకం ఉందట.

నా జవాబు రాసి పంపమన్నారు. "నడక నాది, బాధ్యత నాది" అని ఒక్క ముక్క రాసి పంపాను. అంతకన్నా ఏం రాయను? పరాయివాళ్ళ ముందు బావతో వాదులాడమంటావా?

నవ్వాపుకోలేకపోయానని రాశావు. ఈ మాటకేనా?

ఇక్కడికి రాకు. వాంగ్మూలం కొట్టిన పిల్ల నా దగ్గరికి వచ్చి వెళ్తే, ఏదో మార్పించానంటారు. మీ క్యాంపు వంటమనిషి సైకిలు మీద వస్తూపోతూ ఉంటాడు, ఉత్తరం అతనికివ్వు.

నాన్న


ఆగస్టు 23

నాన్నా,

అవును, ఈ మాటకే. ఏడుస్తూ రాస్తున్నాను, అక్షరాలు అలుక్కుపోతే క్షమించండి.

మావయ్య అన్నది పూర్తిగా ఇది: "మా బావ నిలబడే నిద్రపోతున్నాడు. ముందురోజు ఎలకల కూర ఎక్కువైంది. పిట్టలు లేచాయి, దున్న లేచింది, చివరికి మా బావ లేచాడు." అని తొడ చరిచి నవ్వాడు. గుమ్మంలో వంటవాళ్ళూ నవ్వారు, నేనూ నవ్వాను. అంతా కొట్టాను. పెల్ గారు పెన్సిలు తీసుకుని ఎలకల వాక్యం మీద గీత గీసి, "ఇది అనవసరం" అన్నారు. "మా బావ" అన్న చోట "గైడు షావా" అని మార్పించారు. నవ్వాడని నేను కొట్టలేదు. నోట్లోంచి వచ్చిన మాట మాత్రమే కొట్టమన్నారు కదా. నవ్వు మాట కాదనుకున్నాను.

తప్పు నాది, మావయ్యది కాదు.

నిన్న పెల్ గారి దగ్గరికి వెళ్ళాను. మా మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను.

"సార్, అది హాస్యానికి అన్న మాట."

"అన్నాడా, అనలేదా?"

"అన్నాడు. కానీ నవ్వుతూ అన్నాడు."

"ఒక మనిషి కాలు విరిగింది. దాని గురించి చెప్తూ అతను నవ్వాడా?"

"అంటే సార్, అది మా పద్ధతి. చావుల్లో కూడా..."

"చావుల్లో కూడా నవ్వుతారా?"

నాకు ఇంగ్లీషులో ఇంకో మాట దొరకలేదు. ఇన్నాళ్ళూ నోటుపుస్తకంలో మాటలు పోగేసుకున్నాను, అవసరానికి ఒక్కటీ రాలేదు. ఆయన ఫైలు తీసి, "సంఘటన గురించి చెప్పేటప్పుడు స్కౌటు నవ్వాడు" అని కింద ఇంకో వాక్యం రాసుకున్నారు. సాయం చేద్దామని వెళ్ళి మావయ్యని కూడా బురదలోకి లాగాను.

ఆయన చెడ్డవారు కాదు. నా కళ్ళల్లో నీళ్ళు చూసి టీ తెప్పించారు. ఆ టీ తాగలేకపోయాను.

మావయ్య మీద కోపం పెట్టుకోకండి.

తియోంగే


ఆగస్టు 26
అత్త ఇల్లు

తియోంగే,

నువ్వు చిన్నదానివి. మాట పైన ఉన్న నవ్వు విన్నావు, కింద ఏముందో నీకు తెలియదు. ఇక దాచి లాభం లేదు, చెప్తున్నాను.

రెండేళ్ళుగా నా ఎడమ చెవి సరిగ్గా పనిచేయడం లేదు. మొదట ఈల పిట్టలు పోయాయి, తర్వాత గడ్డి కదిలే చప్పుడు పోయింది. ఈ సంగతి లోకంలో ఒక్కడికే తెలుసు. చిలేషే తనంతట తనే కనిపెట్టాడు. ఏమీ అనలేదు. ఆ రోజు నుంచీ ఎడమవైపు ఏదైనా అలికిడైతే వీపు వెనక రెండు వేళ్ళు ఆడిస్తాడు. నేను చూసుకుంటాను. అతిథులకి తెలియదు. అలా రెండేళ్ళు నడిచాం.

ఆ గురువారం దున్న ఎడమవైపున ఉంది. దాని వీపు మీది ఎర్రముక్కు పిట్టలు అరిచి లేచాయి. నేను వినలేదు. పిట్ట ఫొటో కోసం ఆవిడ ఆగింది కదా, నేను ఆవిణ్ణి చూస్తున్నాను, వాడి వేళ్ళు చూడలేదు. "కదలొద్దు" అన్న మాట ఒక్క ఊపిరి ఆలస్యంగా అన్నాను. ఆ ఊపిరిలోనే పెద్దమనిషి పరుగందుకున్నాడు.

వాడు ఉత్తినే "నిద్ర" అన్నాడనుకుంటున్నావా? నన్ను మోసి మోసి విసిగిపోయాడు. వెళ్ళగొట్టడానికి బావ వరస అడ్డం పెట్టుకున్నాడు. నవ్వుతూ అంటే నేను కోపం తెచ్చుకోకూడదు కదా. అదీ ఎత్తు.

నిన్న సాయంత్రం కంచె దగ్గరికి వచ్చాడు. ఏమీ తెలియనట్టు, "ఏరా ఎలుకా, బొరియలోంచి బయటికి రావా?" అన్నాడు. నేను లోపలికి వెళ్ళి తలుపేశాను. చాలాసేపు అక్కడే నిలబడ్డాడని మీ అత్త చెప్పింది. కుండలో ఉన్న ఎన్షిమ పిండిముద్ద తిని వెళ్ళమన్నా తినలేదట.

ఆ రోజు పడవరేవులో నువ్వు ఎడమవైపు నిలబడి ఉంటావు. ఇంజను చప్పుడు కాదు, అబద్ధం చెప్పాను. నువ్వు పిలిచింది నాకు వినబడలేదు. అలిగి ఉంటావు.

నాన్న


ఆగస్టు 30, శుక్రవారం
పెద్ద క్యాంపు

నాన్నా,

మీ ఉత్తరం చదివాను. నేను అలగలేదు. అలిగి ఉంటే బాగుండేది, మీరు ముందే చెప్పేవారేమో.

ఇవాళ పొద్దున వంటవాళ్ళు చెప్పారు, చిలేషే మావయ్య పని మానేసి సొంతూరు ఎమ్పికా వెళ్ళిపోతున్నాడని. రేపు చేపల లారీలో. పరిగెత్తాను. గుడిసె ముందు కూర్చుని దుప్పటిలో కుండ చుట్టి తాడు బిగిస్తున్నాడు. నన్ను చూసి కూడా చూడనట్టే ఉన్నాడు.

"మావయ్యా, సోమవారం కమిటీ ఉంది. మీరు రావాలి" అన్నాను.

"మీ నాన్న తలుపేశాడు" అన్నాడు. తాడు వంకే చూస్తున్నాడు. "మా మేనమామ పోయినప్పుడు మీ నాన్న వచ్చి శవాన్ని పట్టుకుని, 'లేవరా సోమరీ, పొలానికి టైమైంది' అన్నాడు. మా అత్త నవ్వలేక చచ్చింది. నేను తలుపేశానా? పన్నెండేళ్ళలో ఒక్కసారి వేశానా?"

నా తప్పు అని చెప్పాను. కాగితం సంగతంతా చెప్పాను. తల ఊపాడు కానీ చేతులు ఆగలేదు. "కాగితం సంగతి కాదు. తలుపు సంగతి" అన్నాడు.

బతిమాలాను. ఏడ్చాను. ఏమీ పనిచేయలేదు. అప్పుడు మీరు రాసింది గుర్తొచ్చింది, నోరు మూసుకుంటే నీ మాట నాకు అక్కర్లేదని చెప్పినట్టే అని. ఆయన నాకన్నా ముప్పై ఐదేళ్ళు పెద్ద. అయినా నడుం మీద చేతులు పెట్టుకుని వాకిలంతా వినబడేలా అన్నాను:

"ఏం మావయ్యా, కోతుల్ని తినేవాళ్ళు చెట్లెక్కుతారని విన్నాను కానీ లారీలెక్కుతారని తెలియదు. యుద్ధాల రోజుల్లో మా తాతల్ని చూసి మీ తాతలు ఇలాగే కుండలు చుట్టుకుని కొండలెక్కారట కదా. నాన్న చెప్తే కథలనుకున్నాను. తాడు కూడా అదేనా?"

చేతులు ఆగాయి. తల ఎత్తాడు.

"ఎవరు పారిపోయింది?" అన్నాడు. "మా తాతలు వచ్చేసరికి మీ వాళ్ళంతా ఎలుక బొరియల్లో తలకాయలు దూర్చారు. తోకలు పట్టుకుని లాగాల్సొచ్చింది." చెప్తూ చెప్తూ నవ్వు మొదలైంది. మూట మీద కూలబడి నవ్వాడు. కళ్ళు తుడుచుకున్నాడు. ఆ నీళ్ళు నవ్వుతోనేనో కాదో నాకు తెలియదు. నోటుపుస్తకంలో కూడా రాసుకోలేదు.

తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "ఎందుకు ఆలస్యమైందని నీ దొర అడిగాడు గుర్తుందా? నిజం చెప్పాలంటే చెవి అని చెప్పాలి. చెవి అన్నానా, మీ నాన్న కాళ్ళు విరగ్గొట్టినట్టే. అబద్ధం చెప్తే నువ్వు అది కొట్టాలి. అందుకని ఎలకల కూర తిని నిద్రపోయాడన్నాను. ఈ దేశంలో ఆ మాట వింటే చంటిపిల్ల కూడా నమ్మదనుకున్నాను. నవ్వి వదిలేస్తారనుకున్నాను."

మిమ్మల్ని వెళ్ళగొట్టడానికి కాదు నాన్నా. కప్పడానికి.

మూట విప్పేశాడు. సోమవారం వస్తానన్నాడు. కమిటీ పెద్ద టోంగా తెగ ఆయన. వాళ్ళకీ లోజీ తెగతో ఇలాంటి బావ వరస ఉంది, కాబట్టి చదివితే అర్థం కాకపోయినా మావయ్య నోట వింటే అర్థమవుతుంది. కొత్త కాగితం కొట్టాను. ఎలకల కూర తిరిగి పెట్టాను, "మా బావ" తిరిగి పెట్టాను, "నవ్వుతూ అన్నాడు" అని కూడా పెట్టాను. పెల్ గారికి చూపించాను. రెండుసార్లు చదివారు. "అయితే ఆ ఎలకల వాక్యమే ముఖ్యమైందా?" అన్నారు. అవునన్నాను. తన పెన్సిలు గీత గురించి తనే కమిటీకి చెప్తానన్నారు.

కానీ ఒకటి మిగిలింది. నిద్ర అబద్ధమని తేలాక, మరి ఎందుకు ఆలస్యమైందని కమిటీ అడుగుతుంది. మావయ్య, "నేను చెప్పను, నన్ను కోసినా చెప్పను" అంటున్నాడు. నేను అబద్ధం కొట్టలేను. మీ అనుమతి లేకుండా నిజం కూడా కొట్టలేను. అక్కడ కాగితం మీద ఖాళీ వదిలాను. అందులో ఏం కొట్టాలో మీరు చెప్పాలి. ఏం చెప్పినా నాకు సమ్మతమే అని రాయబోయి ఆగాను, అది నిజం కాదు. మీరు లైసెన్సు పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేదు. ఎడమవైపున ఇంకో దున్న లేవడం కూడా ఇష్టం లేదు.

వంటమనిషి ఆదివారం సాయంత్రం తిరిగొస్తాడు.

తియోంగే


సెప్టెంబరు 1, ఆదివారం
ఎస్నాల అత్త ఇల్లు

తల్లీ,

నీ ఉత్తరం ఒకసారి నేను చదువుకున్నాను, ఇంకోసారి మీ అత్త చేత పైకి చదివించుకున్నాను. చిలేషే మూట మీద కూలబడిన చోట మీ అత్త చదవలేక ఆగిపోయింది. నేనూ ఆపమనే చెప్పాను.

ఆ ఖాళీ అలాగే ఉంచు. దానిలో ఏమీ కొట్టొద్దు. అక్కడ నేను నా నోటితో చెప్తాను. చెవి పోయిందని, రెండేళ్ళు దాచానని, పెద్దమనిషి కాలు విరగడంలో నా ఊపిరి ఒకటి ఉందని. ఇది బావ చెప్పాల్సింది కాదు, కూతురు కొట్టాల్సింది కాదు. రెండేళ్ళ కిందటే నేను చెప్పి ఉండాల్సింది. మీ ఇద్దరి మీదా పెట్టి మోయించాను.

నడిచే లైసెన్సు ఇస్తారో లేదో తెలియదు. ఇవ్వకపోతే జీపు మీద అతిథుల్ని తిప్పే పనికి అడుగుతాను. ఆ ఇంజను మోతలో రెండు చెవులున్నవాడికీ ఏమీ వినబడదు. అదీ ఇవ్వకపోతే అప్పుడు చూద్దాం. నిన్న రాత్రి పడుకునే ముందు, కాలికింద ఎండు ఆకులు లేకుండా ఎలా బతుకుతానా అని ఆలోచించాను. జవాబు రాలేదు. నువ్వు ఏనుగు రంగు వెతికినట్టే నేనూ వెతుక్కుంటాను.

డెస్మెట్ గారి విలాసం మీ ఆఫీసులో ఉంటుంది. ఆయనకి ఉత్తరం రాయాలి. నేను చెప్తాను, నువ్వు కొట్టు. ఈసారి అలంకారాలు ఉన్నా ఫరవాలేదు.

రేపు పొద్దున ఇలా చేద్దాం. కూరగాయల లారీ ఆరింటికి మీ గేటు దగ్గరికి వస్తుంది. నువ్వూ మావయ్యా దానిలో ఎక్కండి. నేను రేవు దగ్గర నిలబడి ఉంటాను. చేతిలో మీ అత్త పొడల కోడి ఉంటుంది. కాళ్ళు కట్టి ఇప్పుడే గంప కింద పెట్టాను. మన ఇంట్లోంచి కోడి వెళ్ళలేదని గొప్పలు పోయాను, రేపు వెళ్తుంది. తలుపేసింది నేను, ఇచ్చుకోవాల్సింది నేనే.

కమిటీ గదిలో బెంచీ మీద నువ్వు నా కుడి పక్కన కూర్చో. వాళ్ళు అడిగేది నాకు అందకపోతే చెవిలో చెప్పు. ఎడమ పక్కన ఆ కోతులు తినేవాణ్ణి కూర్చోబెడతాను. వాడు వాగేది నాకు వినబడక్కర్లేదు.

నాన్న